కన్నులేని రొయ్య వీపున కన్ను

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



పుస్తకముల పండుగనాడు రొయ్యను గూర్చి ఉపన్యాసమేమని కొందరికి తోచవచ్చును. కోస్తా మండలములలో రొయ్య నెరుగనివారు లేరు. చెరువులలో పెంచువారు కలరు; కాటావేసి అమ్మువారు కలరు; గోంగూరతో వండించుకొని తినువారు అంతకంటె నెక్కువగా కలరు. కాని తలను త్రుంచి పారవేయుటయే గాని ఆ తలలో నేమున్నదో విప్పి చూచినవారు అరుదు. నేడు ప్రస్తావించు రొయ్య ఏ సంతకును వచ్చునది కాదు. అది అట్లాంటిక్ మహాసముద్రపు టడుగున, సూర్యకిరణము ఎన్నడును సోకని చోట నివసించును. శాస్త్రజ్ఞులు 1986లో దానికి రిమికారిస్ ఎక్సోక్యులేటా యని నామకరణము చేసిరి. రిమా యనగా నెఱియ. కారిస్ యనగా రొయ్య. ఎక్సోక్యులేటా యనగా కన్నులు పోయినది. ‘నెఱియలలోని కన్నులేని రొయ్య’ యని తెనుగున చెప్పుకొనవచ్చును. మూడేండ్లకే ఆ పేరులోని కడపటి మాట పొరపాటని తేలినది. ఆ రొయ్యకు కన్ను కలదు. అది వీపున కలదు. ఆ కన్నును, దానితోబాటు ఆ ప్రాణి తక్కిన అవయవములను వివరించుట ఈ ఉపన్యాసోద్దేశము.

ముందుగా స్థలమును తెలిసికొనవలెను. భూమిపైని పర్వతపంక్తులవలెనే సముద్రపు టడుగునను పర్వతపంక్తులు కలవు. అట్లాంటిక్ సముద్రము నడుమ ఉత్తరమునుండి దక్షిణమునకు అట్టిదొకటి సాగియున్నది. అచ్చట భూమి పైపొర రెండుగా విడిపోవుచుండుటచే నెఱియ లేర్పడును. ఆ నెఱియలలోనికి సముద్రజలము దిగి, క్రిందనున్న కాగిన రాళ్లను తాకి, లోహములను, గంధకపు పదార్థములను తనలో కరగించుకొని, మరల పైకి చిమ్మును. ఆ నీటి వేడిమి 350 సెంటీగ్రేడు డిగ్రీలకు పైబడును. నూరు డిగ్రీలకే నీరు మరుగునుగదా, ఇది ఆవిరి కాకెట్లుండునని అడుగవచ్చును. పైనున్న నీటి భారమే కారణము. పది మీటర్లు దిగినకొలది వాతావరణపు ఒత్తిడి యంతటి ఒత్తిడి యొకటి చొప్పున పెరుగును. 3,600 మీటర్ల లోతున, అనగా రెండుంబావు మైళ్ల క్రింద, అది 360 రెట్లగును. అంతటి అదుమునకు నీరు మరుగలేదు. అయితే చుట్టునున్న సముద్రజలము రెండుమూడు డిగ్రీల చల్లదనముతో నుండును. ఆ రెండును కలిసినచోట కరగియున్న లోహములు ఒక్కసారిగా విఱిగి నల్లని పొగవలె లేచును. క్రమముగా పేరుకొని పొగగొట్టములవలె నిలుచును.

ఇట్టి ఉష్ణజలముఖములు మొదట 1977లో పసిఫిక్ సముద్రమున గాలపగోస్ ద్వీపముల చెంత కనబడినవి. అట్లాంటిక్‌లో నల్లపొగ చిమ్మువానిని 1985లో పీటర్ రోనా యను భూశాస్త్రజ్ఞుని బృందము కనుగొన్నది. ఆ స్థలమును ట్యాగ్ అందురు. అచ్చట సుమారు 200 మీటర్ల వెడల్పు, 50 మీటర్ల ఎత్తు గల లోహపు దిబ్బ యొకటి కలదు.

భారతము ఆదిపర్వమున ఔర్వుని కథ చదివినవారికి ఇచ్చట బడబాగ్ని స్ఫురింపకపోదు. లోకములను దహింప బూనిన ఔర్వుడు పితృదేవతల మాటపై తన కోపాగ్నిని సముద్రమున విడిచెను. అది గుఱ్ఱపు మొగముతో నీటిని త్రాగుచు నచ్చటనే యున్నది. పోలిక మనోహరమే. కాని నేటి శాస్త్రము చెప్పునది మనవారు మునుపే చెప్పిరని చంకలు గుద్దుకొనుట ఉచితము కాదు. కవి ఊహ కవిదే. మూడువేల మీటర్ల త్రాడు వేసి, నావ దించి, కొలిచి చూచినవారి శ్రమ వారిదే. రెంటిని వేర్వేరుగా గౌరవించుట మేలు.

ఆ నల్లపొగ చెంతనే ఈ రొయ్యలు గుంపులుగా మూగియుండును. ఒక్కొక్క చదరపు మీటరునకు 2,500 వరకును లెక్కకు వచ్చినవి. ఈగలు మూగిన బెల్లపుదిమ్మవలె గొట్టముల గోడలు కానరాకుండును. అవి నిలుచు నీరు పది మొదలు ముప్పది డిగ్రీల వరకు వెచ్చగా నుండును. అక్కడికి కొలది అంగుళముల దూరముననే 350 డిగ్రీల ధార. ఒక్క అడుగు తప్పినచో ఉడికిపోవును. ఒక్క బార వెనుకకు జరిగినచో ఆహారము దొరకదు. ఈ ఇఱుకును మనస్సున నుంచుకొన్నగాని దాని శరీరనిర్మాణము అర్థము కాదు.

ఇక శరీరము. పెరిగిన రొయ్య రెండు, రెండున్నర అంగుళముల పొడవుండును. ఏ రొయ్యకైనను శరీరము రెండు భాగములు: తల, రొమ్ము కలిసిపోయి ఒకే పెంకుచే కప్పబడిన ముందుభాగము, కట్లు కట్లుగా వంగు వెనుకభాగము. వెనుకభాగమున ఆఱు కట్లును, వాని చివర తోకముల్లును, దాని కిరుప్రక్కల విసనకఱ్ఱ రేకులవంటి తెడ్లును ఉండును. ఈ కట్ల యందొక గుర్తు కలదు. దానినిబట్టి రొయ్య ఏ వంశమునకు చెందినదో ఎవరైనను ఇంటిలోనే చెప్పవచ్చును. చెరువులలో పెంచు వన్నామి రొయ్యను, టైగరు రొయ్యను ప్రక్కనుండి చూడుడు. పెంకుటింటి కప్పువలె ముందు కట్టు అంచు వెనుక కట్టుపై వరుసగా వాలియుండును. గోదావరిలో దొరకు నీలకంఠ రొయ్యను చూడుడు. దాని రెండవ కట్టు అంచు వెడల్పై, ముందున్న మొదటిదానిని వెనుకనున్న మూడవదానిని గూడ కప్పుచుండును. అట్లాంటిక్ అడుగునున్న ఈ రొయ్యయు అట్టిదే. ఇది వన్నామికి దూరపు చుట్టము. నీలకంఠకు దగ్గరి చుట్టము. నీలకంఠవలెనే ఆడది గ్రుడ్లను నీటిలో వదలక పొట్ట క్రింది ఈతకాళ్లకు అంటించుకొని మోయును.

నడచుకాళ్లు అయిదు జతలు. వానిలో మొదటి రెండు జతల చివర చిన్న పట్టుకారు లుండును. నీలకంఠ రొయ్య నీలపు చేతులు చాచి పోట్లాడునట్లు ఇది పోట్లాడదు. దాని పట్టుకారు లల్పములు. నోటి భాగములను దువ్వి శుభ్రపఱచుకొనుటకే పనికివచ్చును. అందరు రొయ్యలకును నుదుట నుండు రంపపుముల్లు దీనికి లేదు. వంట చేయువారి వ్రేలికి గ్రుచ్చుకొను ఆ ముల్లు స్థానమున గుండ్రని చిన్న మొన మాత్రము కలదు. మీసములు పొట్టివి, బలిసినవి. ఆ మీసములలో గంధకపు వాయువును పసిగట్టు శక్తి కలదని 1990 దశాబ్దమున పరీక్షలవలన తెలిసినది. కుళ్లిన కోడిగ్రుడ్డు వాసన మనకు ముక్కు మూసికొన దగినది; దానికి అదియే అన్నము వాసన.

అన్నమన్నచో ఈ రొయ్య తలభాగమును విప్పి చూడవలసినదే. తక్కిన రొయ్యలతో పోల్చినచో దీని బుగ్గలు ఉబ్బియుండును. పెంకు రెండువైపుల గుమ్మటమువలె పొంగి లోన విశాలమైన గది యేర్పడియున్నది. ఏ రొయ్యకైనను ఆ స్థలమున మొప్పలుండును. వానికి నీరందించుటకు నోటి ప్రక్కన తెడ్డువంటి యొక రేకు నిరంతరము ఆడుచుండును. పూర్వము కాలువనుండి చేనికి గూడవేసి నీరు తోడినట్లు ఆ రేకు నీటిని వెనుకనుండి ముందునకు తోడిపోయును. మన యింటి రొయ్యలలో అది చిన్నది. ఈ రొయ్యలో ఆ రేకును, దానిని ఆనుకొనిన మరియొక రేకును విపరీతముగా పెరిగి గదినంతటిని ఆక్రమించినవి. అంతేకాదు, వాని ఉపరితలమంతయు దట్టమైన నూగుతో నిండియున్నది. ఆ నూగు ప్రతి పోచపైనను దారములవంటి సూక్ష్మజీవులు వేలాదిగా నాటుకొనియుండును. నారుమడివలె నుండునని చెప్పిన సరిపోవును.

ఆ సూక్ష్మజీవులు చేయు పని వింతయైనది. చెట్టు ఎండను గ్రహించి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఆహారముగా మార్చుకొనును. సముద్రపు టడుగున ఎండ లేదు. ఈ సూక్ష్మజీవులు వేడినీటిలోని గంధకపు వాయువును, ఇనుమును, ఉదజనిని ప్రాణవాయువుతో చేర్చి, అందు పుట్టు శక్తితో బొగ్గుపులుసు వాయువును ఆహారముగా మార్చును. గంధకము వేడినీటిలో నున్నది. ప్రాణవాయువు చన్నీటిలో నున్నది. కావున ఆ రెండు నీళ్లు కలియు గట్టుమీదనే ఈ సేద్యము సాగవలెను. మడిని ఎత్తుకొని గట్టుమీద నిలుచుండునది రొయ్య. రొయ్య ఎందుకు అగ్నిముఖమును వీడదో ఇప్పుడు తెలియుచున్నది: ఆకలి దానిది మాత్రమే కాదు, దాని బుగ్గలలోని పంటది.

పంటను రొయ్య ఎట్లు తినును? ఈ ప్రశ్న చాలకాలము వివాదాస్పదమైనది. గొట్టముల గోడలను గోకి లోహపు పొడితోబాటు సూక్ష్మజీవులను మ్రింగుననిరి. తన బుగ్గలలోనివానినే దువ్వుకొని తినుననిరి. కాని ఈ రొయ్యకు కడుపు చిన్నది. 2013లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో సముద్రపు లోతునందలి ఒత్తిడిని పాత్రలో కల్పించి, బ్రదికియున్న రొయ్యలకు గుర్తువేసిన బొగ్గుపులుసు పదార్థము నిచ్చి చూచిరి. సూక్ష్మజీవులు తయారుచేసిన ఆహారము బుగ్గ లోపలి చర్మముగుండ నేరుగ రొయ్య శరీరమునకు చేరుచున్నదని తేలినది. పైనంతయు గట్టి పెంకు గల ప్రాణి చర్మముగుండ అన్నము తినుట ఆశ్చర్యమే.

ఈ వ్యవసాయమునకు ఒక చిక్కు కలదు. పెంకు పెరుగదు గనుక ఏ రొయ్యయైనను అప్పుడప్పుడు కుబుసము విడువవలెను. చెరువుల రైతులకు ఈ సంగతి బాగుగ తెలియును. కుబుసముతో పంటయంతయు పోవును. అయినను ఈ రొయ్య తొందరతొందరగా, సుమారు పది దినముల కొకసారి కుబుసము విడుచునని లెక్కించిరి. కారణము ఇనుపత్రుప్పు. క్రొత్త పెంకుతో బుగ్గ లోపల తెల్లగా నుండును, దినములు గడచినకొలది త్రుప్పు పేరుకొని ఎఱ్ఱనగును, పంటకు ఊపిరాడదు. అప్పుడు విడిచి, మరల నాటుకొనును.

ఇప్పుడు కన్ను. రొయ్య కన్ను లెచ్చట నుండును? నుదుటిమీద, కాడల చివర, మిరియపు గింజలవలె. ఆస్టిన్ విలియమ్స్ యను ప్రాణిశాస్త్రజ్ఞుడు, రోనాతో కలిసి, ఈ రొయ్యను వర్ణించినపుడు అక్కడనే వెదకెను. కాడలు లేవు, గింజలు లేవు. రెండు కన్నుల స్థానము కలిసిపోయి అడ్డముగ ఒక పలుక మాత్రము కనబడెను. కన్నులు లేవని వ్రాసెను. దీనికి అతనిని తప్పుపట్టుట న్యాయము కాదు. గుహలలోను, అగాధములలోను కన్నులుడిగిన ప్రాణు లనేకములు కలవు. వెదుకవలసిన చోటనే అతడు వెదకెను.

సిండీ వాన్ డోవర్ యను విదుషి అప్పటికి అమెరికాలో పరిశోధకవిద్యార్థిని. (ఆల్విన్ అను జలాంతర్వాహనమును నడపుటకు 1990లో అర్హత పొందిన తొలి మహిళ ఆమెయే.) సముద్రపు టడుగున తీసిన చలనచిత్రములలో ఈ రొయ్యల గుంపును చూచుచు, ప్రతిదాని వీపునను తలవెనుక మెఱయు పట్టీ యొకటి ఉండుట ఆమె గమనించెను. రొయ్యను కోసి చూడగా, పలుచని పెంకు క్రింద రెండు తమ్మెలుగ విడివడిన అవయవ మొకటి కనబడెను. దానినుండి లావైన నరము మెదడునకు పోవుచుండెను. పనికిమాలిన అవయవమునకు అంత నరము ఎందుకు? ఆమె దానిని కన్నుల శాస్త్రము తెలిసిన వారికి పంపెను. ఎటె జూట్స్ యను శాస్త్రజ్ఞుడు అందు రొడాప్సిన్ కలదని తేల్చెను. రొడాప్సిన్ యనగా వెలుతురు తగిలినపుడు మార్పు చెందు వర్ణద్రవ్యము. మన కన్నులలోను అది యుండుటచేతనే మసకచీకటిలో చూడగలుగుచున్నాము. స్టీవెన్ చేంబర్లెయిన్ దాని కణములను పరీక్షించి నేత్రపటలమే యని నిర్ధారించెను. భూశాస్త్రజ్ఞుడు జాన్సన్ కాన్‌తో కలిసి నలుగురును 1989లో నేచర్ పత్రికలో ఈ సంగతి వెల్లడించిరి. అడంగలులో బీడని వ్రాసియున్న నంబరునందు పండిన చేను కనబడినట్లయినది.

ఆ కన్ను నిర్మాణము చూడదగినది. మామూలు రొయ్య కన్నునందు వందలకొలది చిన్న చిన్న గళ్లు, ప్రతి గడికిని ఒక అద్దపు కటక ముండును. వానివలన బొమ్మ ఏర్పడును. ఈ వీపుకంటికి గళ్లు లేవు, కటకములు లేవు. నున్నగా, తేటగా ఉన్న పెంకు క్రింద నేత్రపటలము చాపవలె పఱచియున్నది. కాంతిని పట్టు భాగములు ఎంత లావుగా పెరిగినవనగా, కణమున అత్యధికభాగము అవియే. వాని క్రింద తెల్లని కణముల పొర యొకటి కలదు. పట్టుబడక జారిపోయిన వెలుతురును అది మరల పైకి త్రిప్పికొట్టును. చలనచిత్రమున మెఱసిన పట్టీ అదియే. ఈ కంటితో రొయ్యకు రూపములు కనబడవు. ఎదుటి రొయ్య మొగము కనబడదు. ఉన్నది లేదన్నంత కొలది వెలుతురు ఎచ్చట నున్నదో మాత్రము తెలియును.

అరణ్యకాండలో కబంధుడు కలడు. ఇంద్రుని వజ్రపు దెబ్బకు తల మొండెములోనికి క్రుంగి, రొమ్మున ఒకే కన్ను మిగిలిన వికృతరూపుడు. చూచినవారు రాక్షసుడనిరి, కాని సుగ్రీవుని జాడ చెప్పినది అతడే. స్థానము తప్పిన కన్ను చూపు తప్పిన కన్ను కానవసరము లేదు.

చీకటిలో వెలుతురెక్కడిది? ఈ ప్రశ్న వాన్ డోవర్‌నే వేధించెను. కాలిన ఇనుము ఎఱ్ఱబారునట్లు, వేడిగల ప్రతి వస్తువును కిరణములను వెదజల్లును. 350 డిగ్రీల నీటినుండి వెడలు కిరణములలో అధికభాగము కంటికి కనబడని ఉష్ణకిరణములే. మిగిలిన కొసరు ఎఱుపుగా నుండవలెను. 1988 జూన్‌లో, అట్లాంటిక్‌లో గాక పసిఫిక్‌లోని హువాన్ డి ఫ్యూకా పర్వతపంక్తి యొద్ద, జాన్ డెలేనీ, మిల్టన్ స్మిత్ మొదలగువారు ఆల్విన్‌లో దిగి, దీపములన్నియు ఆర్పి, సూక్ష్మకాంతిని పట్టు ఎలక్ట్రానిక్ కెమెరాను ఉష్ణజలముఖమునకు గుఱిపెట్టిరి. గొట్టపు నోట సన్నని కాంతి చిత్రమున కెక్కినది. మన కంటికి కానరాని ఆ కాంతి రొయ్య కంటి కందునని చేంబర్లెయిన్, డెనిస్ పెల్లీ 1989లో లెక్కగట్టిరి. ఇచ్చటను ఒక తిరకాసు కలదు. ఆ కన్ను అన్నిటికంటె బాగుగ పట్టునది 500 నానోమీటర్ల నీలాకుపచ్చ కాంతిని. గొట్టము ఇచ్చునది ఎఱుపును. (నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షల వంతు.) వర్ణద్రవ్యము రాశిగా నుండుటచేతనే ఆ కొసరు ఎఱుపైనను దొరకుచున్నదని వారి భావము. నీటిలో ఎఱుపు దూరము పోదు గనుక ఆ కన్ను దూరపు దారి చూపునదని చెప్పుటకంటె, మంట ఎంత దగ్గరకు వచ్చినదో తెలుపునదని చెప్పుట యుక్తము.

పిల్ల రొయ్య కథ వేరు. తొలిదశలో దానికి మామూలు రొయ్యలవలెనే ముందువైపు గళ్లుగల కన్ను లుండును. అగ్నిముఖమును విడిచి పైనీటిలో తిరుగుచు, ఎండతో పుట్టిన ఆహారమునే తినును. దాని ఒంటిలోని క్రొవ్వును పరీక్షించి 1997లో ఈ సంగతి తేల్చిరి. పెరిగి గుంపులో చేరునపుడు కటకములు పోయి, నేత్రపటలము వెనుకకు జరిగి వీపుపెంకు క్రిందికి చేరును. పసితనమున ముందుచూపు, పెరిగిన పిమ్మట వీపుచూపు. విలియమ్స్‌కు చిన్న పిల్ల దొరికియున్నచో ఈ పేరు పెట్టియుండడు. పేరు మాత్రము మాఱలేదు. అర్థము పొసగలేదని ప్రాణినామమును త్రోసివేయరాదని అంతర్జాతీయ నామకరణ నియమము. కన్నులేనివానికి కమలాక్షుడని పేరుపెట్టుట లోకమున కలదు. కన్నున్నదానికి కన్నులేనిదని పేరు నిలిచిపోవుట ఇచ్చట చూచుచున్నాము.

ఈ కన్నును చూడబోయినవారే దానికి కీడు చేసిరనుట చెప్పక తప్పదు. అణువంత వెలుతురునకు అమరిన కంటిపై జలాంతర్వాహనముల దీపములు పడినవి. 1999లో పీటర్ హెర్రింగ్, ఎడ్వర్డ్ గేటన్, పీటర్ షెల్టన్ అను ముగ్గురు, దీపకాంతి సోకిన రొయ్యల నేత్రపటలములు చెడిపోయినవని అదే నేచర్ పత్రికలో ప్రకటించిరి. కటకములు లేని కంటికి రెప్పయు లేదు. తలత్రిప్పుకొనుటకు మెడయు లేదు. శాస్త్రజ్ఞుల దోషబుద్ధి ఇందు లేదు. దీపము లేక చిత్రము లేదు, చిత్రము లేక ఆ పట్టీ కనబడుట లేదు.

ఇది ఎక్కడి అట్లాంటిక్, మనకేమి సంబంధమని ఎవరైన అనుకొనినచో, హిందూమహాసముద్రమునందును ఈ కులము కలదు. కైరేయి అను ఉష్ణజలక్షేత్రమును జపానువారు 2000లో మధ్యహిందూ పర్వతపంక్తిపై కనుగొనిరి. అచ్చటి రొయ్యకు 2002లో రిమికారిస్ కైరేయి యని పేరిడిరి. ఈసారి కన్నుల ప్రస్తావన పేరులో చేర్చలేదు. ఉష్ణజలము విడిచిన దిబ్బలలో రాగి, తుత్తునాగము, బంగారము ఉండుటచే దేశము లన్నిటి దృష్టియు వానిపై పడినది. అంతర్జాతీయ సముద్రతల ప్రాధికార సంస్థతో ఫ్రాన్సు 2014లో అట్లాంటిక్ భాగమునకును, భారతదేశము 2016 సెప్టెంబరులో హిందూమహాసముద్రమున 10,000 చదరపు కిలోమీటర్లకును ఒప్పందములు చేసికొన్నవి. అవి అన్వేషణ ఒప్పందములు. త్రవ్వకమునకు అనుమతులు కావు. త్రవ్వకమే వచ్చినచో తీసివేయబడునది రొయ్యలు నిలుచు గట్టే. చల్లారిన దిబ్బలు వేరు, పొగచిమ్ము దిబ్బలు వేరు. పటమున రెంటికి ఒకే రంగు వేయుట మాత్రము కూడదు.

2024 డిసెంబరులో మన శాస్త్రజ్ఞులు మానవరహిత జలవాహనమును 4,500 మీటర్ల లోతునకు పంపి, మధ్యహిందూ పర్వతపంక్తిపై పొగచిమ్ము జలముఖమును చిత్రించిరి. సంతోషింపదగిన కార్యము. ఆ చిత్రమును తీయుటకును దీపము వలసినది.